టీచర్ వాళ్ళమ్మ

కూతురు పోయాక అది ఐదో ఆదివారం. మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాలరు అతుకుతున్న ఆమెకు మేడ మెట్ల మీద గుసగుసలు వినిపించాయి. లేచి వెళ్ళి చూస్తే, వీధి చివరి షెడ్లలో పాత అట్టలు, ఇనుము, ప్లాస్టిక్ వేరుచేసే కూలీల పిల్లలు మెట్టుకి ఇద్దరు చొప్పున కూర్చుని ఉన్నారు. అందరూ తలలు తడిపి దువ్వుకుని వచ్చారు. తల దువ్వుకోకపోతే క్లాసులోకి రానివ్వనని కూతురు పెట్టిన షరతు అది.

“ఎందుకొచ్చార్రా? టీచర్ లేదుగా.” ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.

“తెలుసండీ. గది తాళం మీ దగ్గరుంటుందని వచ్చాం,” అంది పై మెట్టు మీది తొమ్మిదేళ్ళ పిల్ల. వాగుడు కట్టిపెట్టదని దానికి పిట్ట అని పేరు పెట్టింది కూతురే.

తిట్టి పంపేద్దామనుకుంది. నోరు రాలేదు. వెళ్ళి తాళం తీసింది.

కూతురు ఓ అచ్చాఫీసులో పుస్తకాలకు బొమ్మలు వేసేది. ఆదివారం వచ్చిందంటే మేడ మీది గదిలో ఈ పిల్లల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు గీయించేది, ఆ బొమ్మలతోనే అక్షరాలు నేర్పేది. “వారమంతా ఆఫీసే. ఆ ఒక్క రోజైనా నా పక్కన కూర్చోవే,” అని తల్లి సణిగేది. “నువ్వే పైకి రావచ్చుగా,” అనేది కూతురు. ఆమె ఏనాడూ వెళ్ళలేదు. అక్షరం ముక్క రాని మనిషి, పిల్లల ముందు నవ్వులపాలవుతానని భయం. అంతలో జ్వరమన్నారు, కామెర్లన్నారు, పదమూడో రోజుకి మనిషే లేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పైకి రావచ్చుగా అన్న మాట మాత్రం తల్లి చెవుల్లో అలాగే ఉండిపోయింది.

గదిలో పిల్లలు ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకున్నారు. కిటికీ పక్కన టీచర్ కూర్చునే చోటు ఖాళీగా వదిలారు. ఆమెకూ అక్కడ కూర్చోవడానికి మనసొప్పక గుమ్మం దగ్గరే చతికిలబడింది. పిట్ట అలమారలోంచి నల్ల అట్ట పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఏ వారం ఏం చెప్పాలో టీచర్ ఇందులో రాసుకునేవారండీ. చూసి చెప్పండి.”

ఆమె పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఆ అక్షరాల మీద వేలితో నిమిరింది. చివరికి, “నాకు చదవడం రాదే,” అంది.

ఒక్కరూ నవ్వలేదు. “నాకొచ్చు. కూడబలుక్కుంటూ చదువుతాను, పర్లేదా?” అంది పిట్ట.

ఆ వారంలోనే ఆమె తమ్ముడు వచ్చాడు. “ఆ గది అలాగే ఉంచితే నువ్వు రోజూ పైకెక్కి ఏడుస్తావక్కా. ఎవరికైనా అద్దెకిచ్చెయ్.”

“ఆదివారాలు ఖాళీ లేదురా. మిగతా రోజులకి ఎవరైనా వస్తారేమో కనుక్కో.”

పిల్లల సంగతీ, పుస్తకం సంగతీ విని తమ్ముడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “పోనీ ఆ పుస్తకం ఇటివ్వు, చదివి పెడతా. గంటసేపు పని.”

“వద్దు!” అని ఆమె గబుక్కున పుస్తకం మీద చెయ్యి వేసింది. గంటలో చదివేస్తే కూతురి మాటలు గంటలో అయిపోతాయి. పిట్టకైతే ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం పడుతుంది. ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది, తప్పు చదివి నాలుక కరుచుకుంటుంది. అది ఆగిన చోటల్లా, తర్వాత ఏం రాయాలా అని కూతురే ఆలోచిస్తున్నట్టు అనిపించింది తల్లికి.

అలా వారానికో పేజీ నడిచింది. పుస్తకంలో ఉన్నట్టే పిల్లలు తూకం కాటా, నీళ్ళ లారీ, అరిగిపోయిన చెప్పులు గీశారు. గుడ్డ మీద గీతలు గీసే బిళ్ళ సుద్దలూ, ఖాకీ కాగితాలూ ఆమె కింది నుంచి మోసుకొచ్చేది. పాఠం అయ్యాక పిట్ట ఆమెకు అక్షరాలు దిద్దించేది.

“అబ్బ, ఆ తోక అటు కాదండీ!” అని నెత్తి కొట్టుకునేది.

“నీ చేత గుండీ కాజా కుట్టిస్తా ఆగు. అప్పుడు నేను కొట్టుకుంటా నెత్తి.”

తన గురించి ఒక్క మాటైనా ఉంటుందా అని ఆమె ప్రతి ఆదివారం ఎదురుచూసేది. అడగడానికి సిగ్గు. తొమ్మిదో వారం పేజీ మధ్యలో పిట్ట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. “ముందు బొమ్మ. కింద పేరు. అమ్మ... కొలతల పుస్తకంలో లాగా.”

బట్టలు కుట్టించుకునేవాళ్ళ పేర్లు రాయడం రాక ఆమె కొలతల అంకెల పక్కన మొహాలు గీసుకునేది. ఒకరికి బట్టతల, ఒకరికి బుర్రమీసాలు, ఒకరికి చిలక ముక్కు. చిన్నప్పుడు కూతురు మిషను కింద కూర్చుని ఆ మొహాల కింద పేర్లు రాస్తుంటే, పుస్తకం పాడుచేస్తున్నావని రెండు అంటించింది కూడా. ఇప్పుడు ఆమె, “ఆ ముక్క ఇంకోసారి చదవవే,” అంది. పిట్ట ఈసారి ఆగకుండా చదివింది.

బడులు తెరిచే నాటికి తమ్ముడే వెంట ఉండి పిట్టనీ, ఇంకో నలుగురినీ బళ్ళో చేర్పించాడు. గదిలోకి ఒక పొడుగాటి బల్ల కూడా తెచ్చి పడేశాడు. అద్దె మాట మళ్ళీ ఎత్తలేదు.

పుస్తకంలో రాసిన ఆఖరి పేజీ ఆమే చదివింది, పిట్ట పక్కనుంచి అందిస్తుంటే. “వచ్చే వారం, ఎవరికి ఇష్టమైన మనిషిని వాళ్ళు గీయాలి.” ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే.

“మీరూ గీయండి,” అన్నారు పిల్లలు. ఆమె సుద్ద తీసుకుని కూతురి మొహం గీయబోయింది. చుట్టూ మూగారు.

“టీచర్ ముక్కు అంత పొడుగు కాదండీ.”

“పొడుగే! లేకపోతే కళ్ళజోడు అక్కడ ఆగేదా?” అంది ఆమె.

“పన్ను మీద పన్ను వెయ్యలేదు.”

“కోపమొస్తే చెవులెర్రబడేవి కదా,” అంది పిట్ట.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఏనాడూ కోప్పడని పిల్ల. ఆ చెవులు ఎర్రబడగా ఆమె చూడనేలేదు. “ఎవరి మీద వచ్చిందే కోపం?”

“మా షెడ్డు ఓనరు మీద. ఆదివారం కూడా పిల్లల్ని పనికి పంపాలన్నాడని టీచర్ వచ్చి ఎంత గొడవ చేశారో! మా అమ్మ భయపడిపోయింది. నేను మాత్రం పక్కనే నిలబడ్డా.”

ఆమె సుద్ద బల్ల మీద పెట్టేసింది. బొమ్మకు పోలిక రానేలేదు.

“ఇంకా చెప్పండ్రా,” అంది, పిల్లల మధ్యకు జరిగి కూర్చుంటూ.