ఒళ్లు వంచి కడిగిన ఇసుక

ఈతకొలనులో నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లగా మసకేసి ఉన్నాయి. సోమవారానికి అడుగు కనిపించకపోతే పంపుగది చూసే ఇద్దరినీ మాన్పిస్తానని మేనేజరు తెగేసి చెప్పాడు. ఆ ఇద్దరిలో పెద్దాయనకు తన ఉద్యోగం గురించి బెంగ లేదు. మోకాళ్లు ఎప్పుడో సెలవడిగాయి. కానీ పొద్దుటి పని చూసేది చెల్లెలి మొగుడు. వాళ్ల ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. బావాబావమరుదులకు మాత్రం రెండు నెలలుగా మాటల్లేవు. ఒకరు వచ్చే వేళకు ఇంకొకరు వెనక గేటులోంచి జారుకుంటారు.

సాయంత్రం పనికెక్కిన పెద్దాయన ఫిల్టరు మీటరు చూశాడు. నీళ్లను వడకట్టే ఇసుకలో మురికి పట్టేకొద్దీ ముల్లు పైకి లేవాలి. ఇదేమో కొత్త ఫిల్టరులా అడుగునే కూర్చుంది. వంగి చూస్తే, ఇసుక కడిగిన నీళ్లు పోయే కాలువ అప్పటికే తడిగా ఉంది. ఆయన బకెట్టు బోర్లించుకుని కూలబడ్డాడు. రోజూ కడిగేది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ. కాస్త మురికి పట్టిన ఇసుకే సన్నటి నలుసును ఆపుతుంది. పూటపూటా కడిగితే అదేం ఆపుతుంది, నా మొహం.

మర్నాడు పొద్దున్నే వచ్చి పంపుగదిలో కాచుకున్నాడు.

"ఇసుక రోజూ కడుగుతున్నావా, బావా?"

చెల్లెలి మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "కడుగుతున్నా. మీరు కడగడం లేదేమోనని."

"నేనూ కడుగుతున్నా. నువ్వు కడగవని."

"ఎందుకు కడగను? నాకు ఒళ్లు వంగదని చుట్టాలందరి ముందూ అన్నారుగా. వంచి చూపిద్దామని."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తన నోరు చెల్లెలి పొయ్యి దాకా పోయిందని పెద్దాయనకు సిగ్గేసింది.

"తప్పు నాదే. ఇక దాన్ని ముట్టుకోకు. నేనూ ముట్టుకోను."

"మీరు ఆగగలరా?"

"ఏమో. నువ్వు?"

ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. అందుకని ఇసుక కడగడానికి తిప్పే వాల్వుకు చెరోవైపు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఒకరు కునుకు తీస్తే ఒకరు ముల్లును చూశారు. అది మెల్లగా పైకి లేచింది.

ఆదివారం సాయంత్రానికి కొలను అడుగున నల్లగీతలు కనిపించాయి. సంతోషించడానికి కూడా ఇద్దరికీ ఓపిక లేదు.

చెల్లెలి మొగుడు కుర్చీలు మడిచి గోడకు ఆనించాడు.

"పదండి బావగారూ, ఇంటికి. మీ చెల్లెలు ఇప్పటికీ రాత్రిపూట మీకూ కలిపే వండుతోంది. మీ వాటా కూడా రోజూ నేనే తింటున్నా. ఇక నా వల్ల కాదు."