కంచె బయటి బావులు

ఆ రోజు సుగంధికి పొద్దున్నే నడుము నొప్పి మొదలైంది. చెన్నైలో కారెక్కి, తిరువళ్లూరు దాటి, పూండి చెరువు పక్కగా సైనిక డిపో చేరేసరికి పదకొండైంది. ఆవిడ సైన్యంలో మనిషి కాదు. సైనిక స్థావరాల భూములు, అక్కడి పర్యావరణం, కరెంటు, ఇంధనం చూసుకునే ఢిల్లీ ఆఫీసులో పెద్ద పౌర అధికారి. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. ఈ ఏడాది ఆవిడ తిరిగిన స్థావరాల్లో ఇది పద్నాలుగోది. ఎక్కడికెళ్లినా అదే శాలువా, అదే జీడిపప్పు, అవే ఉపన్యాసాలు.

ఇక్కడ నలభై ఎకరాల్లో సౌరఫలకాలు పెట్టారు. సుగంధి మీట నొక్కింది, అందరూ చప్పట్లు కొట్టారు. భోజనం అయ్యాక, డిపో అధికారి కర్నల్ పార్థిబన్ దగ్గర సెలవు తీసుకుని కారెక్కింది. సాయంత్రం విమానంలో నిద్రపోవచ్చని మనసులో అనుకుంటూ ఉంది.

గేటు దగ్గర కారు ఆగింది. అరవై ఏళ్ల మనిషి ఒకామె నూలు చిలప, రంగేసిన దారాల కట్ట, చేత్తో ఊపుతూ కాపలా సిపాయిలతో తమిళంలో గొడవ పడుతోంది. సిపాయి ఆమెను పక్కకు నెట్టబోయాడు. ఆమె తమిళంలో తెలుగు యాస పసిగట్టి సుగంధి అద్దం దించింది.

"ఏమమ్మా, ఏం కావాల?"

తెలుగు వినగానే ఆమె అరుపు ఆపేసింది.

"మీరు మనోళ్లేనా మేడం? నా పేరు మునెమ్మ. ఈ పక్కనే కొత్తకండ్రిగ. నూలుకు రంగేస్తాము. రెండేండ్లుగా చాయం పట్టడంలేదు. చూడండి, మచ్చలు మచ్చలు. బావిలో తణ్ణి చెడిపోయిందంటే ఎవురూ వినిపించుకోరు."

సుగంధి దిగి చిలప అందుకుంది. ఆవిడ తిరుత్తణి దగ్గర నేతగాళ్ల ఇంట్లో పుట్టింది. పరీక్ష రాసి ఉద్యోగానికి వెళ్లేదాకా తల్లితోపాటు రంగు తొట్టి ముందు కూర్చుని చిలపలు ముంచింది. ఎరుపు ఒకచోట ముద్దగా ఉంది, పక్కనే దారం తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. రంగు వాసన కింద డీజిలు వాసన.

"బావి యాడ?"

"కూతవేటు దూరం మేడం. వస్తారా నిజంగా?"

ఊరి బావి కంచెకు తూర్పున, పల్లంలో ఉంది. మునెమ్మ చేదిన బొక్కెనలో నీళ్లమీద నెమలిమెడ రంగు పొర తేలింది.

"తాగేదీ ఇదేనా?"

"కాచి తాగతాము. కాచినా వాసన పోదు. ఇంగేం తాగాల? నా మనవరాలు నిత్యకు ఒళ్లంతా దద్దుర్లు. మూడు ఆస్పత్రులు తిరిగినాము. సోపు మార్చమన్నారు."

సుగంధి గేటు దగ్గరికి తిరిగొచ్చింది. కారు డిపో లోపలికే తిప్పమంది.

పార్థిబన్ ఆశ్చర్యపోయాడు. విషయం విని కుర్చీలో వెనక్కు వాలాడు. కాసేపటికి లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మూడో నంబరు ట్యాంకు మేడం. భూమిలో పాతినది, నలభై ఏళ్లనాటిది. లోపలి డీజిలు కొలత వాడకం లెక్కకు మించి తగ్గుతోందని రెండుసార్లు రాశాను. మీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు కూడా అందులోనే ఉంది."

జవాబులో ఒకటే వాక్యం: వచ్చే ఏడాది ప్రణాళికలో పరిశీలించవచ్చు. కింద సుగంధి సంతకం. దాని వెనక, రెండేళ్ల కిందటి పర్యావరణ నివేదిక. భూగర్భ జలాలు సురక్షితం అని ఉంది. ఆరు చోట్ల నీళ్లు పరీక్షించారు. ఆరూ కంచె లోపలే, ఆరూ పడమటి మెరకలోనే. నీరు పల్లానికి పోతుందని పసిపిల్లకైనా తెలుసు. దాని కిందా ఆవిడ సంతకమే.

సంతకం పెట్టిన రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. రోజుకు నలభై ఫైళ్లు. అది ఏ రోజైనా కావచ్చు.

"ఆ ట్యాంకు ఇవాళే ఖాళీ చేయించండి," అంది. లాప్‌టాప్ తెరిచి ఢిల్లీకి నోటు రాయడం మొదలుపెట్టింది. పార్థిబన్ పక్కన నిలబడి చదివాడు.

"మేడం, ఒక మాట. 'నా నివేదిక తప్పు' అని రాయకండి. 'మళ్లీ పరీక్షించాలి' అని రాసినా పని జరుగుతుంది. మీకు నాలుగు నెలలే ఉంది. రిటైరయ్యాక ప్రభుత్వ పర్యావరణ కమిషన్‌లో మెంబరుగా మీ పేరే అనుకుంటున్నారు కదా."

"మళ్లీ పరీక్షించాలంటే టెండరు పిలుస్తారు పార్థిబన్. ఏడాది పడుతుంది. అందాకా ఆ ఊరు అవే నీళ్లు తాగుతుంది. తప్పు అని ఉంటేనే రేపు కదులుతారు."

రాసి పంపేసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒళ్లు మరింత బరువెక్కింది. ఇంకో పని మిగిలింది, అది పార్థిబన్‌కు అప్పగించి పోవడానికి మనసొప్పలేదు. మళ్లీ కొత్తకండ్రిగకు వెళ్లింది.

మునెమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. డిపోలో ట్యాంకు కారుతోందని, నీళ్లు బాగున్నాయని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది తానేనని.

మునెమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది.

"మీరు ఒగనాడు వచ్చి చూసిపోయింటే తెలిసిపోయుండును కదా?"

"అవును."

"మనోళ్లని సంతోషపడినాను." మునెమ్మ ముఖం తిప్పుకుంది. ఇంట్లో నిత్య గోక్కుంటూ ఏడుస్తోంది. మునెమ్మ లోపలికెళ్లి పిల్లను ఊరుకోబెట్టి వచ్చింది. అరుగు మీద కూర్చుని అంది: "సరి, అదంతా అట్లుండనీ. రేపు పొద్దున నీళ్లు యాడ తెచ్చుకునేది? అది చెప్పండి."

మర్నాడు ఎనిమిది గంటలకు డిపో నుంచి మొదటి నీళ్ల లారీ వచ్చింది. సుగంధి ముందురోజు సాయంత్రం విమానం వదులుకుని తిరువళ్లూరులోనే ఉండిపోయింది. ఐదు వారాలకు ట్యాంకు తవ్వి తీశారు. అడుగున అరచేయంత మేర తుప్పు తినేసింది. కంచె బయట పరీక్షించిన తొమ్మిది బావుల్లో ఏడు చెడిపోయాయి, బాగుపడాలంటే ఆరేడేళ్లు పడుతుందన్నారు. సుగంధి మీద విచారణ జరిగింది. మందలించి వదిలేశారు. కమిషన్‌లో వేరే ఎవరినో వేశారు. రిటైరైన రోజు ఆఫీసులో పూలగుత్తి ఇచ్చారు, ఎవరూ ఎక్కువసేపు నిలబడలేదు. ఆవిడ తిరుత్తణిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని దిగింది.

రెండు నెలలు పోయాక మునెమ్మ ఫోను చేసింది.

"నాలుగు దినాలైంది, తణ్ణి లారీ రాలేదు. గేటుకాడికి పోతే కొత్త ఆఫీసరు ఇంగ పంచాయితీ చూసుకుంటాదంటాడు. పంచాయితీలో డిపోనే ఇయ్యాలంటారు. పార్థిబన్ సారు యాడికో మారిపోయినాడంట."

సుగంధి ఢిల్లీకి మూడు ఫోన్లు చేసింది. మొదటి రెండూ ఎత్తలేదు. మూడో ఆయన క్షేమసమాచారాలు అడిగి, చూస్తానన్నాడు. ఆ 'చూస్తాను' ఎంత కాలం పడుతుందో ఆవిడకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

సోమవారం పొద్దున బస్సెక్కి తిరువళ్లూరు వెళ్లింది. కలెక్టరు అర్జీలు తీసుకునే రోజు అది. మునెమ్మ ముందే వచ్చి వరుసలో నిలబడి ఉంది. అర్జీ సుగంధే తమిళంలో రాసింది. ట్యాంకు, బావులు, పరీక్షల తేదీలు, నీళ్లిస్తామని డిపో ఒప్పుకున్న ఉత్తరం నంబరు, అన్నీ ఉన్నాయి. ఎండ ఎక్కింది. వరుస కదలడంలేదు.

"మీకు నడుము నొప్పి కదా, ఆ గోడకాడ కూర్చోండి. నేనుంటాను," అంది మునెమ్మ.

"పర్వాలేదు."

"కూర్చో అక్కా. ఇద్దరమూ నిలబడితే ఏమొస్తాది?"

మొదటిసారి అక్కా అంది. సుగంధి వెళ్లి గోడ నీడన కూర్చుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్ల వంతు వచ్చింది. గుమాస్తా కాగితాలన్నీ తిప్పి చూసి, ఎవరు రాశారింత వివరంగా అని అడిగి, ముద్ర వేశాడు.

బుధవారం లారీ వచ్చింది. ఆ పై వారం మళ్లీ రాలేదు. సోమవారం ఇద్దరూ మళ్లీ వెళ్లారు.