వెండెల్ తెచ్చిన కానుక

మా ఫోన్సవాన్ ఊళ్ళో గెస్ట్‌హౌస్ పెట్టినవాళ్ళకి ముందు బాంబు కావాలి. దుప్పట్లు, వేడినీళ్ళు తర్వాతి సంగతి. మా ఎదురింటి థావోన్ గేటు పక్కన మనిషెత్తు బాంబు డొప్ప నిలబెట్టి అందులో ఉల్లికాడలు పెంచాడు. అంతే, వ్యాన్ దిగిన అమెరికావాళ్ళంతా అటే పోయేవాళ్ళు. ఏడాదిపాటు చూశాను. తర్వాత నేనూ ముందుగదిలో గోడకి ఒక చెక్క అర కొట్టించి దానిమీద బోంబీ చిప్పలు ఏడు వరసగా పేర్చాను. బోంబీ అంటే పెద్ద బాంబు కడుపులోంచి వందల కొద్దీ రాలే పిల్ల బాంబు, బత్తాయికాయంత ఉంటుంది. నా అర మీదవన్నీ మందు తీసేసి రెండుగా కోసిన చిప్పలు. పొలాల్లో బాంబులు వెతికి తీసే టీములో తొమ్మిదేళ్ళు పనిచేసి, మోకాలు అరిగిపోయి మానేసినదాన్ని నేను. ఏది ఖాళీయో ఏది నిండో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా అమ్మ బువాఫన్‌కి ఆ అర అంటే గిట్టదు. మా చెల్లెలు నోయ్ ఏడేళ్ళప్పుడు, యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకి, బంతి అనుకుని ఒకదాన్ని మడిలోంచి తీసింది. అది పేలాక అమ్మ నోయ్‌ని ఒడిలో కట్టుకుని మోసుకొచ్చింది. ఎంత తెచ్చిందో, ఏం తెచ్చిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

"నా బిడ్డని తిన్నదాన్ని తెచ్చి ఇంట్లో అలంకారంగా పెట్టావే మణిచన్," అంది అర కొట్టించిన రోజు.

"వాళ్ళు చూస్తారమ్మా. ఫొటోలు తీసుకుంటారు."

"తీసుకోనీ. నా వీపుకి కళ్ళు లేవు."

అని తన మగ్గాన్ని అటు తిప్పించి, అరకి వీపు పెట్టుకుని కూర్చుంది. మగ్గమూ అరా ఒకే చెక్కగోడకి ఆనుకుని ఉంటాయి. ఒక చెవి యుద్ధంలోనే పోయింది, రెండోది వినాలనుకున్నప్పుడే వింటుంది. మోకాళ్ళు తిమ్మిరెక్కితే ఆ గోడ పట్టుకునే లేస్తుంది.

అమెరికావాళ్ళని మేం బాగా చూసుకుంటాం. అది నటన అనను, అలాగని మొత్తం మనసులోంచి వచ్చిందనీ అనను. ఈ బాంబులు వేసింది తమ దేశమేనని, చావింటికి వచ్చినవాళ్ళలా ముఖాలు వేలాడేసుకుని దిగుతారు. పలకరించడానికి వచ్చినవాళ్ళని మేమే ఓదార్చి, వేడన్నం పెట్టి, మంచి జరగాలని చేతికి దారం కట్టి పంపాలి. సాయంత్రం అమ్మ అడిగేది, "ఇవాళ ఎవరేడ్చారే?" అని. ఫలానా ఆయన అంటే, "చారులో కారం ఎక్కువేశావేమో చూసుకో," అనేది.

వెండెల్, ఆయన భార్య మార్జీ ఆ జూలైలో వచ్చారు. అరవై దాటినవాళ్ళు. ఆయన అన్న యుద్ధకాలంలో థాయిలాండ్‌లో, మా మీదికొచ్చే విమానాలకి బాంబులు ఎక్కించే పని చేశాడట. పోయిన ఏడాదే చనిపోయాడట, నోరు విప్పి ఒక్క ముక్క చెప్పకుండా. తమ్ముడేమో ఊరికే కూర్చోలేకపోయాడు. వచ్చిన రోజే పెరట్లో కారే కుళాయి బాగుచేశాడు. మర్నాడు గేటు బందులకి నూనె పెట్టాడు. ఇంకేముంది చెయ్యడానికి అని నన్నడిగేవాడు, నాకేమో పాపం అనిపించేది, కొంచెం విసుగు కూడా.

రెండోరోజు అర ముందు నిలబడి అడిగాడు, "ఇవి ప్రమాదం కాదా?" అని.

"ఏమీ కాదండీ, పట్టుకోండి," అన్నాను. నేనే ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. మార్జీ ఫొటో తీసింది. నేను కూడా ఫొటోలో నవ్వుతూ ఉన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగోరోజు పొద్దున్నే బజారు నుంచి కూరగాయల సంచీతో ఇల్లు చేరాను. మా ఆయన సరుకు లారీ వేసుకుని వియంటియాన్ పోయి రెండు రోజులైంది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి వెండెల్, మార్జీ అర పక్కన నిలబడి ఉన్నారు, పుట్టినరోజు పిల్లలకి ఏదో దాచిపెట్టినవాళ్ళలా. మార్జీ నావైపు ఫోన్ పట్టుకుంది. అమ్మ తన మగ్గంలో తానుంది.

"మీ వరసలో ఇంకోటి చేర్చాం," అన్నాడు వెండెల్.

ఏడు చిప్పల చివర, కలాలు పెట్టే డబ్బాకి ఆనించి, ఒకటుంది. మిగతావాటిలా సగం కాదు. గుండ్రంగా, నిండుగా, చుట్టూ గట్లతో, శుభ్రంగా తోమి ఉంది.

అమ్మ దారం నాడెని ఇటునుంచి అటు విసిరి, పోగుల్ని దగ్గరికి దట్టించే పన్నెతో కొట్టింది. గోడ అదిరింది. డబ్బాలో కలాలు గలగలమన్నాయి. ఆ గుండ్రటిది కాస్త కదిలి ఆగింది.

టీములో మాకు నేర్పిన మొదటి పాఠం ఒకటే, దాన్ని తాకకూడదు, కదపకూడదు. పదిసార్లు ఎత్తినా ఊరుకుంటుంది, పదకొండోసారి ఊరుకోదు. ఎందుకన్నది ఎవరికీ తెలీదు. పేలిందంటే ఆ గదిలో ఎవరూ మిగలరు. అందరికన్నా దగ్గరగా ఉన్నది మా అమ్మ వీపు.

"ఎంత బావుందో," అన్నాను. "బయటికి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం."

"ముందు మీరు చూడాలి. బురదంతా టూత్‌బ్రష్‌తో వదిలించాను," అంటూ ఆయన చెయ్యి చాపాడు, తీసి నాకందిద్దామని.

"అక్కడే బావుంది, అక్కడే ఉండనివ్వండి," అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు చెదిరితే ఆయన కంగారుపడతాడు, కంగారుపడితే చెయ్యి తగులుతుంది. సంచీని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టాను. మార్జీ నా ముఖంలోకి చూసి మెల్లిగా ఫోన్ దించేసింది.

పన్నె మళ్ళీ పడింది. డబ్బా ఒక వెంట్రుకవాసి జరిగింది.

గుమ్మం నుంచి మగ్గానికి ఎనిమిది అడుగులు. పరిగెత్తితే చెక్కనేల ఊగుతుంది. అరిస్తే అమ్మకి వినపడదు, వెండెల్‌కి వినపడుతుంది. కాలివేళ్ళ మీద నడిచాను. నా మోకాలు కీచుమంటే దాన్ని కూడా తిట్టుకున్నాను. అమ్మ పన్నె మీద చెయ్యి వేసేలోపు ఆ మణికట్టు పట్టుకున్నాను.

"ఏంటే? అంచు పోతుంది, వదులు."

ఆమె మంచి చెవికి నోరు ఆనించాను. "అమ్మా, కదలకు. నీ వెనకాల అరమీద ప్రాణమున్న బోంబీ ఒకటుంది."

అమ్మ తల తిప్పలేదు.

"ఎవరు పెట్టారు?"

"పెద్దాయన. తెలీక."

"ముందు వాళ్ళిద్దర్నీ పంపెయ్. నువ్వూ పో."

"నిన్ను వదిలేసా?"

"నా కాళ్ళు మొద్దుబారిపోయాయే. గోడ పట్టుకోకుండా లేవలేను. నీ మోకాలితో నన్నెత్తగలవా? పో."

ఎత్తలేను. అది ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంట్లో ఎత్తగలిగిన మనిషి ఒక్కడే, దాన్ని తెచ్చినవాడు. ఆయనకి నిజం చెప్పాలి, చెబితే ఏం చేస్తాడో తెలీదు. అంత భయం నేను పొలాల్లో ఒంటరిగా బోర్లాపడుకుని మట్టి గీకినప్పుడు కూడా పడలేదు. అక్కడ ఉన్నవి నా చేతులు. ఇక్కడ వేరేవాళ్ళ చేతులు.

"వెండెల్ గారూ, ఆ కొత్తది ఖాళీ కాదు," అన్నాను.

"అయ్యో దేవుడా. నేను తెచ్చాను. నేనే బయట పడేస్తాను," అంటూ రెండు చేతులూ చాపి అరవైపు ఒక అడుగేశాడు.

"చెయ్యి దించు."

అది మా భాషలో అన్నాను. గారూ లేదు, అండీ లేదు. మా ఇంటికి వచ్చిన అమెరికావాళ్ళెవరితోనూ అలా మాట్లాడలేదు. ఆయనకి మాట అర్థం కాకపోయినా చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఆయనకి తెలిసిన భాషలోకి మళ్ళాను. "మీరిక ఏదీ బాగుచెయ్యకండి. దాన్ని తాకితే అందరం పోతాం. మార్జీ గారూ, మీరు మెల్లిగా రోడ్డు మీదికి పొండి. వెండెల్, మీరు మా అమ్మని ఎత్తుకోండి. గోడకి తగలకుండా. అంతే, ఇంకేమీ వద్దు."

మార్జీ భర్త వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నేను మగ్గం ఊగకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. వెండెల్ భారీ మనిషి. అమ్మ వెనకాల వంగి ఆమె చంకల కింద చేతులు పెట్టేటప్పటికి ఆయన మోచెయ్యి అరకి బెత్తెడు దూరంలో ఉంది. ఆయన చొక్కా అంచు చెక్కని రాసుకుంది. డబ్బా వైపే చూస్తూ, నోయ్, నోయ్ అని లోపల అనుకున్నాను, దేవుడి పేరు ఒక్కటీ గుర్తురాలేదు.

అమ్మ ఆయన చేతుల్లోకి వచ్చింది. ఆయన ఒక్కో అడుగూ వెతుక్కుంటూ నడిచాడు. వెనక నేను. గుమ్మం దాటాక అమ్మ ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి, నా వంక చూసింది.

"వీడి గుండె చూడవే, నా పన్నె కంటే గట్టిగా కొడుతోంది."

రోడ్డు మీదికి చేరగానే ఎదురింటికి కేకేశాను. థావోన్ తన ఇల్లు ఖాళీ చేయించాడు, అటూ ఇటూ బళ్ళు ఆపాడు. ఉల్లికాడల డొప్ప దగ్గర అమ్మని పీట మీద కూర్చోబెట్టారు. నేను టీముకి ఫోన్ చేశాను.

అరగంటలో సొమ్‌వాంగ్ వచ్చాడు. నాతో కలిసి పనిచేసిన మనిషే, ఇప్పుడు టీముకి పెద్ద. ఇద్దర్ని ఇసకబస్తాలతో ఇంట్లోకి పంపి నా దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ దొరికిందట? ఒకటున్న చోట ఇంకోటి ఉంటుంది."

అప్పటికి నాలో భయం పోయి ఒళ్ళు మండిపోతోంది. వెండెల్ రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "వెళ్ళొద్దన్న చోటికే వెళ్ళుంటాడు. హద్దు దాటుంటాడు. పక్షికూత వినపడిందనో, పువ్వు కనపడిందనో. వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే," అన్నాను. ఆయనకి అర్థమయ్యేలా ఆయన భాషలోనూ అన్నాను, ఇంకా కటువుగా.

"నేను హద్దు దాటలేదు," అన్నాడు వెండెల్. వాదించలేదు, ఏడవలేదు కూడా. "నిన్న సాయంత్రం పొలంగట్టు మీద నడుస్తుంటే వానకి గట్టు తెగిన చోట కనిపించింది. తెల్ల రాయి ఉన్న వైపే ఉన్నాను. అందుకే ఖాళీదనుకున్నాను. రాత్రంతా మా మంచం కిందే ఉంచాను."

మార్జీ ఫోన్‌లో నిన్నటి ఫొటో వెతికి చూపించింది. తడిమట్టిలోంచి సగం బయటికొచ్చిన గుండ్రటిది. దాని పక్కన ఆయన బూటు. బూటు పక్కన రాయి. టీము వెతికి బాగుచేసిన పొలానికి మేం తెల్ల రాయి పాతుతాం, వెతకనిదానికి ఎర్ర రాయి. తెల్ల రాయి మీద పొలం నెంబరు రాసి ఉంటుంది. నెంబరులో నాలుగుకి కింద చిన్న తోక ఉంది. అలా తోక పెట్టి రాసేది మా టీములో నేనొక్కదాన్నే.

సొమ్‌వాంగ్ ఆ ఫొటో చూశాడు. నన్ను చూశాడు.

"కొండ మీంచి వానకి కొట్టుకొచ్చుండొచ్చు," అన్నాడు.

"కావచ్చు," అన్నాను.

కాకపోవచ్చు కూడా. ఆ పొలంలో పని ముగించిన వారం నాకు జ్వరం. ఒళ్ళు కాలిపోతూనే వెతికాను, వెతికానని సంతకం పెట్టాను. ఏ వరసా వదల్లేదనే ఈ ఎనిమిదేళ్ళూ నమ్మాను.

"అక్కడిప్పుడు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఉన్నారు. అది యోత్ పిన్ని వాళ్ళ పొలం. ఇవాళే నాట్లు మొదలుపెట్టారు. బజారుకి వెళ్తూ నేనే చూశాను, పది పన్నెండుమంది ఆడవాళ్ళు మోకాలిలోతు బురదలో వంగి ఉన్నారు. చెయ్యి ఊపాను కూడా.

సొమ్‌వాంగ్ బండిలో వెళ్ళాం. గట్టు మీద అతను బాంబుల్ని పసిగట్టే మిషన్ హెడ్‌ఫోన్ చెవులకి తగిలించుకుంటూ, "నువ్వు దిగకు. మాట మాత్రం నువ్వు చెప్పు, నీ మాట వింటారు," అన్నాడు.

వాళ్ళు పాట పాడుకుంటున్నారు. చేతులు బురదలోకి దిగుతున్నాయి, పైకి వస్తున్నాయి, మళ్ళీ దిగుతున్నాయి.

"అందరూ ఆగండి," అన్నాను. "ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడండి. చేతులు నీళ్ళలోంచి తీసెయ్యండి. కాళ్ళు కదపకండి. సొమ్‌వాంగ్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి తీసుకొస్తాడు."

పాట ఆగిపోయింది. పన్నెండు ముఖాలు నావైపు తిరిగాయి. ఈ ఊళ్ళో ఆ మాట అర్థం కానివాళ్ళు లేరు. చివరి వరసలో ఒక పిల్ల సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. యోత్ పిన్ని నడిమడిలో ఉంది, చేతిలో నారుకట్టతో.

"ఇది మంచి పొలమని నువ్వే కదే చెప్పావు మణిచన్," అంది.

"అవును పిన్నీ, నేనే చెప్పాను," అన్నాను. "కాలు కదపకు."