ఏసీ తీసేసిన చోటు

స్వెట్టరు మీద జాకెట్టు, జాకెట్టు మీద మఫ్లరు చుట్టుకుని, కారు అద్దాలు నాలుగూ బిగించి, లోపల ఏసీ వేసుకుని తిరిగే మనిషి మనీలాకు ఉత్తరాన కొండల్లో ఉన్న మా లా ట్రినిదాద్ మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. అది నేనే. జనవరిలో ఇక్కడ క్యాబేజీ ఆకుల మీద మంచు గడ్డకడుతుంది. అయినా వేసేవాణ్ణి.

నవ్వేవాళ్ళు నవ్వేవారు. వాళ్ళకేం తెలుసు. నాలుగో తరగతిలో బడి మాన్పించి నన్ను తోటపనికి పంపారు. ఆ తర్వాత మనీలా వెళ్ళి ఒక ఆసామికి కారు నడిపాను, జుట్టు నెరిసేదాకా. ఆసామి దిగగానే ఇంజను ఆపేయాలి. అది ఆయన పెట్టిన రూలు. ఆయన చల్లటి గదిలో మీటింగులో కూర్చునేవాడు, నేను ఎండలో, రేకు డబ్బాలో చేపలాగా ఉడికేవాణ్ణి. ఆ చల్లగాలి నాది కాదు, ఆయన వీపుది. నేను ముందు సీట్లో ఉన్నాను కాబట్టి దారిలో నాకు కాస్త తగిలేది, అంతే.

చివరికి ఆయన కొత్త కారు కొనుక్కుని, పాత తెల్ల కారు నా చేతిలో పెట్టి, భుజం తట్టి పంపేశాడు. మా కొండలకు తిరిగొచ్చాను. ఆ కారుకు రంగు పోయింది, తలుపులు కిర్రుమంటాయి, కానీ ఏసీ మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇప్పుడు ఆ మీట నొక్కేది నేను. నాకు చలేస్తే మీకేం.

ఒక్క మనిషి నవ్వు మాత్రం నన్ను గుచ్చేది. జీపుల స్టాండు పక్కన కాఫీ అమ్మే రుఫీనా, అందరికీ ఫీనా. భర్త పోయి చాలాకాలమైంది. నోరు మిరపకాయ, చెయ్యి వెన్న. వయసులో పెద్ద మగాళ్ళని ఇక్కడ మనోంగ్ అంటారు, ఆ మర్యాద మాత్రం తప్పదు.

"మనోంగ్ లిప్యో, నీ కారెక్కడం కన్నా మార్కెట్లో చేపల ఐసుపెట్టెలో కూర్చోడం నయం. అక్కడైతే తోడుగా చేపలైనా ఉంటాయి."

"ఎక్కమని ఎవరు బతిమాలారు?"

"నిన్న బతిమాలావుగా. మొన్న కూడా."

నిజమే. బతిమాలాను. ఈ వయసులో నాకు సిగ్గు తక్కువ, టైమూ తక్కువ. నాలుగు కప్పుల కాఫీ తాగిన ఒక సాయంత్రం పెళ్ళి మాట కూడా ఎత్తాను. ఫీనా గ్లాసులు కడుగుతూనే జవాబిచ్చింది.

"నాకు ఇష్టమే. కానీ నన్ను పెంచింది మావయ్య. ఆయన ఊఁ అనకుండా నేను కదలను."

మావయ్య అంటే లకాయ్ కివాస్. లకాయ్ అంటే మా వైపు పెద్దాయన. అటోక్ కొండల్లో, మబ్బుల పైన ఉంటుంది ఆయన ఇల్లు. పెళ్ళిళ్ళకు పందిని కోసినప్పుడు దాని పైత్యపు తిత్తి చూసి మంచీ చెడూ చెప్పేది ఆయనే. ఆయన ఇంటికి ముందు ఆఖరి ఎగుడును మేకనిచ్చెన అంటారు. ఒక బండి పట్టేంత సిమెంటు రోడ్డు, ఆ సిమెంటు మీద పాచి, ఒకవైపు గోడ, రెండోవైపు లోయ.

ఫీనాని కూర్చోబెట్టుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు ఎగుడు మొదట్లోనే ఏసీ ఆపేశాను. ఐనా సగం దూరం వెళ్ళేసరికి ఇంజను కెటిలులా ఉడికి ఆగిపోయింది. ఫీనా దిగింది. ఎర్రచారల నేత లంగా, మంచిది, పెద్దల ముందుకు వెళ్తున్నానని కట్టుకున్నది, దాన్ని మోకాళ్ళ దాకా దోపుకుని వెనకనుంచి తోసింది. పైన రాతిగోడ మీద కూర్చుని వక్క నములుతూ పెద్దాయన అంతా చూశాడు.

"బరోక్," అన్నాడు మెల్లగా. కొడుకు వయసు వాళ్ళని అలా పిలుస్తారు. "మా పిల్ల చేత తోయించుకుంటూ వచ్చావు. పెళ్ళయ్యాక కూడా ఇంతేనా?"

వక్క ఇంకో బుగ్గకు మార్చాడు.

"బంగాళాదుంప నాట్లు మొదలయ్యే లోపు పందిని తీసుకురా. నల్లది, మన కొండ పంది. ఈ బండిలోనే తేవాలి. అరువు బండి వద్దు, అరువు తెచ్చింది తిరిగి ఇచ్చెయ్యాలి. మధ్యలో ఎవ్వరూ తొయ్యకూడదు. నా గుమ్మం ముందు పంది దిగితే మా పిల్ల నీ ఇంటికి వస్తుంది. దిగకపోతే కాఫీ తాగి వెళ్ళు, పగేం లేదు."

కాఫీ తాగే వచ్చాను. దిగేటప్పుడు ఫీనా లంగాకి అంటిన పాచిని గోటితో గీక్కుంటూ కూర్చుంది.

మా వీధిలో దొమెంగ్ అని టాక్సీ నడిపేవాడు ఉన్నాడు, నాకు గయ్యెం, అంటే దోస్తు. ఇక్కడి టాక్సీలన్నీ అద్దాలు దించుకునే తిరుగుతాయి, ఏసీ వేస్తే జనం దిగిపోతారు. వాడు నా కారు బానెట్టు ఎత్తి, ముందున్న జాలీలోకి టార్చి వేశాడు.

"రా గయ్యెం, చూడు. రేడియేటరు ముందు ఇంకో గోడ కట్టావు. ఏసీ జాలీ ఇది. దీని రెక్కలన్నీ వంగిపోయి, మనీలా దుమ్మంతా ఇందులోనే ఉంది. ఏసీ ఆపినా గోడ గోడే. గాలి లోపలికెలా పోతుంది? ఇంజను ఉడక్క ఏం చేస్తుంది?"

"కడిగిస్తా."

"కడిగినా ఈ బరువు పోదుగా. ఇదిగో ఈ కంప్రెసరు, నీ తలకాయంత ఉంది, లోపలున్నది మాత్రం దీన్లోనే ఎక్కువ. ఈ గొట్టాలు, డాష్‌బోర్డు కింద వేలాడే ఆ పెట్టె, ముందు ఫ్యాను. మొత్తం పీకెయ్. వెనక సీటు కూడా తీసెయ్, పంది ఏమీ కాళ్ళు చాపుకుని కూర్చోదు."

"ఏసీ తీస్తే ఇంకా అది నా కారెట్లా అవుతుందిరా?"

దొమెంగ్ నా వంక జాలిగా చూశాడు. "కారు కావాలా, పెళ్ళాం కావాలా? రెండూ కావాలంటే స్పానరు అందుకో."

అందుకోలేదు. మొండితనానికి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళు అద్దాలు బిగించుకుని, ఏసీ ఇంకో మెట్టు పెంచుకుని, ముక్కు కారుతూ తిరిగాను. ఫీనా తీసెయ్యమని అడగలేదు. ఒకరోజు కాఫీ ఇస్తూ, ఎటో చూస్తూ అంది.

"తోటల్లో దుంపలకి సాళ్ళు తీస్తున్నారట. నిన్ను తొందరపెట్టట్లేదులే. కాకపోతే తొయ్యడానికి నా దగ్గర ఇంకో మంచి లంగా లేదు."

కాఫీ గ్లాసు సగంలోనే పెట్టేసి లేచాను.

ముందు గ్యాసు తీయించాలి. దాన్ని గాలిలోకి వదిలెయ్యకూడదు, కళ్ళల్లో పడితే కళ్ళు పోతాయి. పక్క పట్నం బగియోలో ఫ్రిజ్జులు బాగుచేసేవాడి దగ్గరకు తీసుకెళ్ళాను. వాడు గొట్టాలు తగిలించి సిలిండరులోకి లాగుతూ, "ఈ ఊళ్ళో కారు ఏసీ మీద నాకిదే మొదటి పని మనోంగ్. అదీ తీసెయ్యడానికే," అన్నాడు. వాడికీ నవ్వే. ఆ రోజు లోకమంతా నన్ను చూసి నవ్వేట్టుంది.

మిగతాది నేనూ దొమెంగూ మా ఇంటి ముందే చేశాం. బెల్టు వదులు చేసి తీశాం. దానికి ఇంకో పని లేదు, కంప్రెసరు తిప్పడానికే పుట్టిన బెల్టు. కంప్రెసరు బోల్టులు తుప్పు పట్టి రానన్నాయి, నూనె పోసి, పొద్దంతా తిట్టి, ఊడదీశాం. జాలీ తీయగానే దాని వెనకున్న రేడియేటరుకు మొదటిసారి ఆకాశం కనపడింది. డాష్‌బోర్డు కింది పెట్టె ఊడి నా ఒళ్ళోనే పడింది. అందులో దుమ్ము, ఎండిన ఆకులు, ఆసామి కూతురి జుట్టు పిన్ను, ఒక పుదీనా బిళ్ళ. అన్నాళ్ళూ నాకెవరూ ఇవ్వని పుదీనా బిళ్ళ. విసిరేశాను.

ఇంజను స్టార్టు చేస్తే అది తేలు కుట్టినట్టు ఒకసారి ఎగిరి, ఒకసారి ఆగి, మళ్ళీ ఎగురుతోంది.

"అలిగిందిరా," అన్నాను. "చెప్పానా, తియ్యొద్దని."

"అలగలేదు, గాలి మింగుతోంది." దొమెంగ్ వెతికి వెతికి వేలెడంత రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. ఏసీ వేసినప్పుడు ఇంజను వేగం పెంచడానికి పెట్టిందట. కొస తెరిచి ఉంది. అందులో ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించగానే ఇంజను సాధువులా అయిపోయింది.

ఇంజనుకూ లోపలికీ మధ్య ఉన్న రేకులో గొట్టాలు దూరిన కంతలు మిగిలాయి. వాటిని అలా వదిలితే పొగ లోపలికొస్తుంది. మూయడానికి మందపాటి రబ్బరు కావాలంటే ఫీనా తోటపని బూటు ఒకటి పట్టుకొచ్చింది.

"రెండోది?" అన్నాను.

"రెండోది ఉంచుకున్నా. నీ కారు మళ్ళీ ఆగితే విసరడానికి."

ఆ బూటు మడమ కోసి కంతలు మూశాం. డాష్‌బోర్డు కింద పెట్టె ఉన్నచోట ఒక పెద్ద గూడు మిగిలింది. అటు చూసినప్పుడల్లా పన్ను పీకించుకున్నాక నాలుక అక్కడికే పోయినట్టు నా కన్ను అక్కడికే పోయేది. ఫీనా దానికి చిన్న చెక్క అమర్చి, పాత గుడ్డ పరిచింది.

బయలుదేరిన పొద్దున ఆ గూట్లో కాఫీ ఫ్లాస్కు, ఆకులో చుట్టిన తీపి అన్నపు ముద్దలు పెట్టింది. వెనక గోనెల మీద నల్ల పంది, మెడకు తాడు. దాని పక్కన దొమెంగ్. అద్దాలన్నీ దించేశాం, లేకపోతే ఆ వాసనకు ముగ్గురమూ చచ్చేవాళ్ళం.

ఆ దారిన అద్దాలు దించుకుని వెళ్ళడం నాకదే మొదలు. దేవదారు వాసన, తడి మట్టి, ఎక్కడో కాల్చిన ఆకుల పొగ. తోటల్లోంచి జనం అరుస్తున్నారు.

"ఓయ్ లిప్యో, చేపల ఐసు కరిగిపోయిందా?"

"పంది నీకు డ్రైవరా, నువ్వు పందికి డ్రైవరా?"

తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఈ మనుషులు నన్ను పలకరించరని మనసులో పెట్టుకున్నాను. ఇంతకాలం అరుస్తూనే ఉన్నారట, నాకే వినపడలేదు. వినపడ్డాక తెలిసింది, అందులో సగం తిట్లేనని. ఐనా చెయ్యి ఊపాను.

మేకనిచ్చెన దగ్గర దొమెంగ్ దిగి, చెక్కదిమ్మ పట్టుకుని వెనక నడిచాడు. బండి జారితే చక్రం కింద పెట్టడానికి. తొయ్యడానికి కాదు. పైన గోడ మీద పెద్దాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు.

మొదటి గేరులో ఎక్కించాను. వేడి ముల్లు సగం దాటలేదు. పోయినసారి ఉడికిన చోటు దాటేశాం. నా వీపు మాత్రం తడిసిపోయింది. పాత అలవాటు, చెయ్యి దానంతటదే ఏసీ మీట కోసం పోయింది. మీట లేదు. వెచ్చని ఫ్లాస్కు తగిలింది.

"ఇప్పుడు కాఫీ ఏంటి మనోంగ్, రోడ్డు చూడు," అంది ఫీనా.

ఆఖరి మలుపులో పాచి. ఈ కారును లాగేది ముందు చక్రాలు, బరువంతా చూస్తే వెనక, పంది. ముందు చక్రాలు ఉత్తినే తిరగడం మొదలుపెట్టాయి. బండి ముందుకు పోవట్లేదు, వెనక్కీ రావట్లేదు. రబ్బరు కాలిన వాసన. దిమ్మ పెట్టమని అరవాలా, ఇంకాస్త తొక్కాలా తేల్చుకోలేకపోతున్నాను. ఫీనా చెయ్యి తలుపు పిడి మీదకు వెళ్ళింది.

"దిగకు. నువ్వు దిగితే నేను ఓడిపోయినట్టే."

అప్పుడు నా చెవి పక్కన బుస్సుమని వేడి ఊపిరి తగిలింది. పంది. తీపి అన్నం వాసన దాని ముక్కుకు అందింది. తాడు ఎంత సాగుతుందో అంతా సాగదీసి, మా ఇద్దరి సీట్ల మధ్యలోంచి తల, మెడ, సగం ఒళ్ళు దూర్చేసి, గూట్లోని ఆకు పొట్లం కోసం కాళ్ళు తన్నుకుంటూ ముందుకొచ్చింది. దాని బరువంతా ముందుకు రాగానే చక్రాలు సిమెంటును కరుచుకున్నాయి. కారు ఒక్క కుదుపుతో కదిలింది.

"పెట్టు, దానికింకోటి పెట్టు," అన్నాను.

"పెడుతున్నా. నువ్వు నడుపు."

ఫీనా ఒక్కో ముద్ద విప్పి గూట్లోనే పెడుతోంది, పంది గూట్లోనే తింటోంది, కారు ఎక్కుతోంది. ఏసీ పెట్టె అక్కడే ఉండుంటే ఆ పందికి ముందుకొచ్చే పని ఏముంది. ఆఖరి ముద్ద అయ్యేసరికి పెద్దాయన గుమ్మం ముందున్నాం. ఫీనా పడీ పడీ నవ్వుతోంది, ఒళ్ళో పంది తల, ఆ ఎర్రచారల లంగా నిండా అన్నం మెతుకులు.

పెద్దాయన దగ్గరకొచ్చి కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. పందిని, గూటిని, నన్ను.

"ఎవరూ తొయ్యలేదు," అన్నాను.

"చూశాను. పంది లాగింది." వక్క ఉమ్మేసి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "పంది లాగకూడదని నేను చెప్పలేదు. దించండి."

మధ్యాహ్నం పైత్యపు తిత్తి చూశాడు. నిండుగా, నున్నగా ఉందట, అంటే శుభమే. "తృప్తిగా తిని వచ్చింది," అన్నాడు. ఫీనా తల వంచుకుని, నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంది. గాంసాలు, మేము కొట్టే కంచు పళ్ళేలు, మోగాయి. నా భుజాల మీద దుప్పటి వేసి ఆడమన్నారు. నా ఆట చూసి దొమెంగ్ కింద కూర్చుండిపోయాడు. బియ్యపు సారా తాగాం. నన్ను చూసి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ రోజు నాకేమీ అనిపించలేదు.

సాయంత్రం వాట్‌వాట్ పంచారు. మా దగ్గర పనిలో చెయ్యి వేసిన ప్రతివాళ్ళకూ మాంసంలో వాటా ఉంటుంది, రాలేనివాళ్ళకు కూడా పంపుతారు. పెద్దాయనే పేర్లు పిలుస్తూ ఒక్కొక్కరి చేతిలో ముక్క పెట్టాడు. అందరివీ అయ్యాక ఆకులో ఇంకో ముక్క మిగిలింది.

"ఇదెవరిది అపో?" అని మర్యాదగా అడిగాను.

"బండిది. అది పని చెయ్యలేదా?"

వెళ్ళి కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఏసీ తీసేసిన చోట ఆ గూట్లో ఆ ముక్క ఉంచి వచ్చాడు.

ఏసీ పెట్టెలోని ఫ్యాను ఇప్పుడు ఫీనా కాఫీ బండి దగ్గర ఉంది. పాత బ్యాటరీకి తగిలించి బొగ్గులు విసరడానికి వాడుతోంది. ఆసామి వీపుకు చల్లగా తగిలిన గాలి మా కాఫీ మరిగిస్తోంది.

ఆ రోజు కొండ దిగుతున్నప్పుడు ఫీనా జాకెట్టు మెడ దాకా లాక్కుంది.

"అద్దం ఎత్తు మనోంగ్, చలేస్తోంది."

"ఎత్తను," అన్నాను. "ఇంకా ఎవరైనా తిడతారేమో వినాలి."