సైలెన్సర్ ఇంజనీరుగారి మోపెడ్

శ్యామ్‌సుందర్ ఉద్యోగం కార్ల సైలెన్సర్లు డిజైన్ చేయడం. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని ఒక కంపెనీలో ఆరేళ్లుగా అదే పని. అలాంటి మనిషి 1980 వేసవిలో కొన్న సెకండ్‌హ్యాండ్ మోపెడ్ వీధి మొదట్లో ఉండగానే వీధి చివరి వాళ్లు కిటికీలు మూసుకునేవారు.

పెట్రోలు ధర మండిపోతోంది, ఆఫీసు చూస్తే మూడు మైళ్లే. అందుకని పెడల్స్ ఉన్న ఆ చిన్న బండిని ముచ్చటపడి కొన్నాడు. వారం తిరక్కుండానే ఇంజనుకూ పొగ గొట్టానికీ మధ్యనున్న అతుకు లీకయింది. సీమటపాకాయల జడకు నిప్పంటించినట్టు ఒకటే మోత. పైగా ఆ సందులోంచి నల్లటి జిడ్డు చిమ్మి పాంటు నిండా చుక్కలు పడేవి.

ఆఫీసుకు రెండు వీధుల ముందే ఇంజను ఆపేసి, చెమటలు కక్కుతూ పెడల్ తొక్కుకుంటూ వెళ్లేవాడు. సైలెన్సర్ల వాడి బండే ఇలా అరుస్తోందని తెలిస్తే పరువేం కాను?

మొదటి శనివారం గరాజ్‌లో కూర్చుని, కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి, సందు మూసే గాస్కెట్ చేసి అతుకులో పెట్టాడు. మోత తగ్గలేదు. రెండో శనివారం సైలెన్సర్లకు పూసే పేస్టు దట్టించాడు. అది వేడికి ఎండి ఆఫీసు దారంతా పెచ్చులుగా రాలింది. మూడో శనివారం పానాకు ఇనుప గొట్టం తొడిగి, పళ్లు బిగబట్టి నట్లు బిగించాడు. పానా విరిగింది.

ఆ చప్పుడుకు అతని భార్య రాధారాణి బయటికొచ్చింది.

“లీకు ఎక్కడో అసలు టెస్ట్ చేశారా?”

“టెస్ట్ చేసేదేముంది రాధా? నా ఫీల్డే అది!”

“మీ ఫీల్డు సంగతేమో గానీ, నాలుగు పాంట్లు పోయినయ్. ఇంక నా వల్ల కాదు.”

ఆమె గిన్నెలో సబ్బు నురుగు, పాత టూత్‌బ్రష్షు తెచ్చింది. అతుకు చుట్టూ నురుగు పూసి, గాలి అటు పోకుండా గొట్టం చివర గుడ్డ కుక్కింది. శ్యామ్‌సుందర్ చేత, ఇంజను అంటుకోకుండా ప్లగ్గు వైరు తీయించి, బండికి స్టాండు వేయించి, పెడల్ తొక్కమంది. అతను ఇష్టం లేకుండానే తొక్కాడు. అతుకు దగ్గర గోలీలంతేసి బుడగలు లేచాయి.

“చెప్పానా, గాస్కెటే! ఈసారి మూడు వేస్తా.”

ఆమె వినిపించుకోకుండా పొగ గొట్టాన్ని పట్టుకుని ఊపింది. అది టకటకమంది.

“ఏవండీ, నట్టు బిగిసింది సరే. గొట్టం బిగిసిందా?”

శ్యామ్‌సుందర్ నట్టు విప్పి చూశాడు. అది తల మూసుకుపోయిన టోపీ నట్టు. బోల్టు పొడవెక్కువై నట్టు లోపలి కొసకు తగిలి ఆగిపోతోంది. పానాలు విరగ్గొట్టినా గొట్టాన్ని అది నొక్కడమే లేదు. పూర్వం ఈ బండిని చూసుకున్నవాడెవడో మెరుస్తున్నాయని ఆ నట్లు వేసి ఉంటాడు.

రెండు నట్ల కిందా రెండేసి వాషర్లు వేసి బిగించాడు. స్టార్ట్ చేస్తే బండి కుట్టుమిషనులా మెత్తగా తిరిగింది. మూడు వారాల గాస్కెట్ల పాండిత్యం పది నిమిషాల్లో చెత్తబుట్టలో పడింది. కానీ అతనికి సిగ్గుకంటే సంతోషమే ఎక్కువైంది. భార్యను వెనక కూర్చోమన్నాడు. “సోమవారం దాకా ఇలాగే ఉంటే అప్పుడు చూద్దాం లెండి,” అందామె.

సోమవారం అతను ఇంజను ఆపకుండా నేరుగా ఆఫీసు గేటు దాకా వెళ్లాడు. ఆ సాయంత్రం పక్కింటి వాల్టర్ తలుపు తట్టాడు. రిటైరైన పెద్దాయన. చేతిలో వేడివేడి ఆపిల్ పై అనే తీపి రొట్టె.

“పొద్దున నీ బండి చప్పుడు వినబడలేదు,” అన్నాడు గొంతు తగ్గించి ఇంగ్లీషులో. “కార్ల కంపెనీల్లో అందరినీ తీసేస్తున్నారు కదా, నిన్ను కూడా లే ఆఫ్ చేశారనుకున్నాం. మా ఆవిడ ఏడ్చింది.”

“లేదు లేదు, నా ఉద్యోగం ఉంది! బండి రిపేరైంది, అంతే!”

వాల్టర్ అతన్నీ, అతని వెనకే వచ్చిన రాధారాణినీ చూశాడు. “దేవుడి దయ,” అన్నాడు. “రిపేర్ చేసింది నువ్వేనా?”

శ్యామ్‌సుందర్ రాధారాణి వైపు చూపించాడు. “మా ఆవిడ.”

వాల్టర్ ఆ ఆపిల్ పైని రాధారాణి చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, పెద్ద ముక్క తన ప్లేటులో వేసుకుంది.