పర్వం లేని రోజున సముద్రం

వన్ టౌన్‌లో ఆ వీధివాళ్ళు పంచాంగం కొనడం మానేసి చాలాకాలమైంది. పద్మావతమ్మ ఉండగా డబ్బు దండగ ఎందుకని వాళ్ళ లెక్క. "పిన్నిగారూ, ఏకాదశి ఇవాళా రేపా?" అని ఎదురు మేడ మీంచి కేకేస్తే చాలు, ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూనే తిథి ఎప్పుడు తగిలిందో, ఎంతవరకు మిగులుందో చెప్పేసేది. ఎప్పుడు గుమ్మడికాయ కొట్టాలి, ఎప్పుడు గోళ్ళు తీసుకోకూడదు, ఎవరెదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగాలి, అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. అడిగినవాళ్ళకి చెప్పేది, అడగనివాళ్ళకి ఇంకా వివరంగా చెప్పేది.

అలాంటి పద్మావతమ్మ తోడికోడలు శ్రీదుర్గ. అన్నదమ్ములు రామకోటేశ్వరరావు, వెంకటప్పయ్యలది పూజాసామాను హోల్‌సేలు కొట్టు. పేరుకి అన్నదమ్ములదే గానీ గల్లాపెట్టె దగ్గర వెంకటప్పయ్య భార్య శ్రీదుర్గ కూచుంటేనే కొట్టు కొట్టులా ఉండేది. ఒకడు కర్పూరం అడుగుతుంటే ఇంకొకడికి వత్తులు కట్టించి, మూడోవాడి బేరం కళ్ళతోనే తేల్చేసేది. ఇంట్లో పూజ అంతా పెద్దకోడలిది, కొట్టు అంతా చిన్నకోడలిది. ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు. రాకపోవడం చూసి ఓర్వలేక చుట్టాలు రెండుమూడుసార్లు ప్రయత్నించి వదిలేశారు.

అత్తగారు పోతూ పోతూ పెద్దకోడలికి ఒక మొక్కు అప్పగించింది. ఏటా కార్తీక పున్నమికి బందరు వెళ్ళి మంగినపూడి దగ్గర సముద్రంలో మునగాలి. పద్మావతమ్మ ఒక్క ఏడూ తప్పలేదు. శ్రీదుర్గకేమో ఒక్క ఏడూ కుదరలేదు. పూజాసామాను కొట్టుకి కార్తీక పున్నమిని మించిన గిరాకీ ఇంకెప్పుడు? లోకమంతా సముద్రానికి పోతుంటే వాళ్ళకి కావలసిన వత్తులూ కర్పూరమూ అమ్ముతూ ఆవిడ కొట్లో ఉండిపోయేది. పద్మావతమ్మ తిరిగొస్తూ సీసాతో సముద్రపు నీళ్ళు తెచ్చి మరిది భార్య నెత్తిన చల్లేది.

"నా సముద్రం లీటరు సీసాలో పడుతుందక్కా" అని నవ్వేది శ్రీదుర్గ.

ఈ ఏడు కార్తీక పున్నమి సాయంత్రం ఆవిడ కొట్లోనే ఊపిరాడక కూలబడిపోయింది. పరీక్షలు చేసి గుండెలో కవాటం పాడైందన్నారు. నెల పైన మందులతో నెట్టుకొచ్చి, చివరికి వచ్చే గురువారం ఆపరేషన్, సోమవారమే వచ్చి చేరమన్నారు. ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకుని కూచుంటే, ఆవిడే తోడికోడలి దగ్గరకొచ్చి చిన్న కోరిక కోరింది.

"అక్కా, ఆస్పత్రికి పోయేలోపు బందరు చూపించవూ? పున్నమీ తిరునాళ్ళూ కాదు. ఊరికే. జనం లేకుండా, నెమ్మదిగా, అన్నీ చూడాలి."

వెంకటప్పయ్య వద్దన్నాడు. రామకోటేశ్వరరావు గట్టిగా వద్దన్నాడు. డాక్టరు మాత్రం మెట్లెక్కకుండా, పరిగెత్తకుండా, చలిగాలి తగలకుండా వెళ్ళి రమ్మన్నాడు. అందుకని మార్గశిర మాసపు శనివారం పొద్దున్నే ఖాలిక్ కారు గుమ్మంలోకి వచ్చింది. ఖాలిక్ ఆటోనగర్‌లో షెడ్డు ఉన్న మెకానిక్కు, నమ్మకమైనవాళ్ళకి మాత్రం తనే బండి తీస్తాడు.

"చూడండమ్మా, అందరూ బీచికెళ్ళి, నీళ్ళలో గంతులేసి, బజ్జీలు తిని బందరు చూసేశాం అంటారు. అది చూడ్డం కాదండీ. నేను చూపిస్తా పదండి" అన్నాడు తన సొంత ఊరు అయినట్టు. కాదు మరి, వాళ్ళావిడది.

ఉయ్యూరు దాటేదాకా చెరకు ట్రాక్టర్లు దారివ్వలేదు. పామర్రులో ఇడ్లీ తిన్నారు. రోడ్డుకి రెండువైపులా కోతలై, వరి పనలు పరుచుకుని ఉన్నాయి. శ్రీదుర్గ అద్దం దించి ఆ వాసన పీల్చడం, పద్మావతమ్మ చలిగాలి అని అద్దం ఎక్కించడం, ఇలాగే పెడన చేరారు. కలంకారీ అద్దకం చేసే చోట ఒకాయన బల్ల మీద గుడ్డ పరిచి చెక్క అచ్చుతో పువ్వులు వేస్తున్నాడు. శ్రీదుర్గ కాసేపు చూసి, ఒక్కటి నేను వేస్తానని అడిగింది. ఆయన అచ్చు చేతికిచ్చాడు. పువ్వు వంకరగా పడింది. ఆ వంకర పువ్వున్న ముక్కే కావాలని బేరమాడి మరీ కొనుక్కుంది.

చిలకలపూడిలో పాండురంగడి దర్శనం చేసుకున్నారు. పద్మావతమ్మ స్వామిని ఏం కోరుకుందో వేరే చెప్పాలా? బయటికొచ్చాక రోల్డుగోల్డు కొట్టు ముందు శ్రీదుర్గ ఆగిపోయి గాజులు ఏరుకుంది.

"ఇంట్లో బంగారం ఉండగా ఈ గిల్టువెందుకే?"

"ఆస్పత్రికి వేసుకెళ్తానక్కా. అక్కడ ఎలాగూ తీసెయ్యమంటారు. తీసేటప్పుడు ప్రాణం ఉసూరుమనదు."

పద్మావతమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. బందరు లడ్డు కొన్నప్పుడు, లైట్‌హౌస్‌ని కింద నుంచే మెడ సాచి చూసినప్పుడు, ప్రతిచోటా ఆవిడ చూపు మాత్రం తోడికోడలి ఊపిరి మీదే ఉంది. నాలుగడుగులు వేసి ఆగుతోంది పిల్ల. యాభై దాటినా ఆవిడకి పిల్లే.

పొద్దు వాలుతుండగా మంగినపూడి చేరారు. సరుగుడు తోట దాటగానే హోరు వినిపించింది. పద్మావతమ్మకి తెలిసిన సముద్రం ఇది కాదు. ఆవిడ ఎరిగిందల్లా జనం వీపులూ, పిల్లల ఏడుపులూ, మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లూ, వాటి మధ్య ముక్కు మూసుకుని మూడు మునకలూను. ఇవాళ నల్లటి తడి నేల కనుచూపు మేర ఖాళీగా ఉంది. దూరంగా కాలేజీ కుర్రాళ్ళు కొందరు నీళ్ళలో పడి కేకలేస్తున్నారు. ఇంత నీరు ఇక్కడ ఎప్పుడూ ఉందా అనిపించిందావిడకి.

శ్రీదుర్గ చెప్పులు విడిచి నడిచింది. అల వచ్చి ఆగి వెనక్కి పోయే చోటికి జానెడు ఇవతల నిలబడి, రెండు వేళ్ళతో చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగింది.

"అక్కా, ఇవాళ తాకొచ్చా?"

రావిచెట్టుని శనివారం, సముద్రాన్ని పర్వదినాన మాత్రమే తాకాలి, మిగతా రోజుల్లో దూరం నుంచే దణ్ణం పెట్టాలి. ఈ మాట వీధి వీధంతా పద్మావతమ్మ దగ్గరే నేర్చుకుంది. ఇవాళ బహుళ సప్తమి. తరవాతి పర్వం అమావాస్య, అది ఆపరేషన్ అయ్యాకగానీ రాదు. చూడ్డానికి ఏ దోషమూ లేదు కదా అని బయల్దేరింది తప్ప, ఇంతదూరం వచ్చిన మనిషికి తాకాలనిపిస్తుందన్న ఇంగితం లేకపోయింది. ఊరందరి తిథులూ చూసే మనిషి ఇంట్లోదాని మనసు చూసుకోలేదు.

"ఉత్తరోజున తాకకూడదమ్మా" అంది నీరసంగా.

"వాళ్ళంతా దిగారుగా?"

"వాళ్ళకి తెలీదు. మనకి తెలుసు."

శ్రీదుర్గ వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. కుచ్చిళ్ళు వదిలేసి చేతులు కట్టుకుని, "సరేలే, చూశాగా" అంది. కొట్టులో సరుకు లేదని చెప్పినప్పుడు మంచి గిరాకీదారు తల ఊపి వెళ్ళిపోయినట్టుగా అంది.

పద్మావతమ్మకి వెనకటి సంగతొకటి గుర్తొచ్చింది. వాళ్ళ వీధిలో ఒకాయన పర్వం కాని రోజున సముద్రంలో దిగి, ఆ నెలలోనే మంచం పట్టాడు. ఆయన మంచం పట్టింది తాగుడు వల్లనని అందరికీ తెలుసు, అయినా ఆ పాపం సముద్రం మీదకే తోసేశారు. తోసినవాళ్ళలో పద్మావతమ్మే మొదటిది. ఇప్పుడు తను ఊ అని, గురువారం ఏదన్నా అయితే? కాదని పంపేసి, గురువారం ఏదన్నా అయితే? ఆ రెండోదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

ఖాలిక్ ఫ్లాస్కులో టీ తెచ్చి ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏమైందండీ?"

"ఇవాళ తాకకూడదు ఖాలిక్ గారూ, మాకు తిథి కుదరదు" అంది శ్రీదుర్గే.

"మీ పద్ధతులు మీకు తెలుసండీ, నేను చెప్పేదేముంది" అని కప్పులు నింపాడు. "మా ఇంట్లో ఐతే సముద్రం కాడికొచ్చి కాళ్ళన్నా తడుపుకోకుండా పోతే మా అత్త తిట్టుద్దండీ. పెద్దాయన ఇంటికెళ్ళి పలకరించకుండా వచ్చినట్టు అంటది."

పద్మావతమ్మ టీ తాగలేదు. కప్పు ఇసకలో పెట్టి లేచింది. కొంగు బొడ్లో దోపుకుని, ఎవరివైపూ చూడకుండా, సంతలో బేరం కుదరక కోపమొచ్చినదానిలా చరచరా నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా వెళ్ళి ఇటు తిరిగింది.

"రా."

"అక్కా! ఇవాళ సప్తమన్నావు!"

"అన్నాను. దోషమంటూ ఉంటే ముందు దిగినదానికి, ఆపైన దింపినదానికి. రెండూ నేనే. నీ వంతు ఏమీ లేదు, రా!"

"నీకేమన్నా అయితే?"

"నాకేమవుతుందే? గుండ్రాయిలా ఉన్నాను. పడనీ, ఏం పడుతుందో నా మీదే పడనీ!" అని అరిచింది. కుర్రాళ్ళు కేకలాపి ఇటు చూశారు. చూస్తే చూడనిమ్మంది మనసులో.

శ్రీదుర్గ వచ్చింది. మొదటి అల పాదాల మీదకి రాగానే చిన్నపిల్లలా కెవ్వుమంది. పద్మావతమ్మ ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబెట్టింది. చీర తడిసి కాళ్ళకి చుట్టుకుంది. పాదాల కింద ఇసక జారిపోతుంటే శ్రీదుర్గ నవ్వుతోంది, ఆగి ఊపిరి తీసుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది. మునక వద్దు, చలి చేస్తుంది, మూడు దోసిళ్ళు నెత్తిన పోస్తాను చాలనుకుంది పద్మావతమ్మ. దోసిలి పట్టగానే అలవాటు కొద్దీ నోట్లోకి సంకల్పం వచ్చేసింది. ఏటా గట్టున పంతులుగారు చెప్పిస్తుంటే జనంతో పాటు అప్పజెప్పే సంకల్పమే.

"మార్గశిర మాసే, కృష్ణపక్షే..." అని ఆగింది. ఏటా ఇక్కడ పున్నమి పేరు వచ్చేది. ఇవాళ అబద్ధం ఆడటానికి లేదు. ఎదురుగా సముద్రం ఉంది.

"సప్తమ్యాం" అంది మెల్లిగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆ వెంటనే నోరు తన దారిన తను, ఎప్పుడూ అనే తరవాతి మాట అనేసింది. "శుభతిథౌ."

ఆవిడ అలాగే నిలబడిపోయింది. పున్నమైనా, సప్తమైనా, ఏ రోజున నీళ్ళు పట్టుకుని నిలబడినా ఆ మాట మారదు. జన్మంతా అంటూనే ఉంది, ఒక్కనాడూ వినలేదు. "సప్తమ్యాం, శుభతిథౌ" అని ఈసారి గట్టిగా, కొట్టు దాకా వినపడాలన్నట్టుగా అంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏంటక్కా, మళ్ళీ ఆగావు?" శ్రీదుర్గ భయంగా అడిగింది.

"ఏం లేదే పిచ్చిదానా" అంది పద్మావతమ్మ, దోసిలి ఆవిడ నెత్తిన వంచుతూ. "మంచిరోజేనట. ఇంకో అడుగు వెయ్యి, నేను పట్టుకున్నాను."