పూల వ్యాను తలుపు

ఆ గురువారం పొద్దున ఆకాశం ఇటుకబట్టీ మీది ఆకాశంలా ఎర్రటి దుమ్ముతో ఉంది. ఎడారి మీదుగా ఉత్తరపు గాలి వీస్తోంది. పదింటికే నలభై రెండు డిగ్రీలు. పదకొండో సాలులో ద్రాక్షగుత్తులు కోస్తున్న తేవితా తన బుట్ట మీదికే ఒరిగిపోయాడు. పక్కన కోస్తున్న ఆకోసితా అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు.

యాభై అడుగుల దూరంలో పూల వ్యాను ఉంది. లోపల ఫ్రిజ్‌లా చల్లగా ఉంటుంది. శనివారం యజమాని కూతురికి తోటలోనే పెళ్లి. అలంకరణకు పట్నం నుంచి వచ్చిన బ్రిడ్జెట్ తెల్లగులాబీలు అందులో దాచింది. వాటి ప్రాణం సున్నితమనీ, ఎండపొడ సోకనీయొద్దనీ అందరికీ చెప్పి వెళ్లింది.

తేవితాను వ్యానులో పడుకోబెడదామని ఆకోసితా అడిగింది. కాంట్రాక్టరు క్రెయిగ్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. తెరిస్తే చల్లదనం పోతుందన్నాడు. మనిషిని చెట్టు నీడకు తీసుకుపొమ్మన్నాడు. ఆ తోటలో చెట్టెక్కడిది?

తేవితా కాక కూలీలు పద్నాలుగు మంది, అందరూ కోతలకని సముద్రం దాటి వచ్చిన టోంగా దీవులవాళ్లు. వాళ్ల దీవుల్లో పెద్దల ముందు నిలబడి మాట్లాడరు. వేడుకోవాలంటే నేల మీద కూర్చుంటారు. అలవాటు ప్రకారం అందరూ ఎర్రమట్టిలో కూర్చుని వేడుకున్నారు. కూర్చున్నవాళ్లను చూసి, అణిగారనుకున్నాడు క్రెయిగ్. అంబులెన్సు వచ్చేసరికి తేవితా లేడు.

మర్నాడు పొద్దున క్రెయిగ్ ఒక కాగితం తెచ్చాడు. తేవితాకు నీడా నీళ్లూ వేళకు అందాయనీ, ముందునుంచే గుండెజబ్బు ఉందనీ అందులో ఉంది. దగ్గరుండి చూసింది ఆకోసితా కాబట్టి ఆమె సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇంటికి విమానం ఎక్కిస్తానన్నాడు. పెళ్లి పందిరికి పూలు కట్టేదీ ఈ కూలీలేనన్నాడు. పందిరి వేసే చోటు బ్రిడ్జెట్ గీసిన బొమ్మలో ఉంది. పదకొండో సాలు. అక్కడినుంచి నది బాగా కనిపిస్తుందట.

మధ్యాహ్నం కూటి వేళ రేకుల షెడ్డులో వాదన రేగింది. సంతకం పెట్టేస్తే పీడా పోతుందన్నాడు పెద్దవాడు ఫతాయి. ముగ్గురు పిల్లల చదువు ఈ కోతల మీదే ఉంది. పోయినవాడు తిరిగొస్తాడా అని గొణిగాడు.

"రాడులే బాబాయ్," అంది తోటి కూలీ లోసా. "రేపు నువ్వు పడితే నీకూ గుండెజబ్బే. కాగితం తయారుగానే ఉంది, పేరు మారిస్తే చాలు."

ఆకోసితా అందుకుంది.

"తలుపు దగ్గర వాడొక్కడు. మనం పద్నాలుగు మందిమి. పక్కకు తోసెయ్యలేమా? కూర్చున్నాం." కాగితం ఫతాయి ముందు పెట్టింది. "రేపు నేను కూర్చోను."

ఫతాయి ఆ కాగితం తీసుకుని వెనక్కి తిప్పాడు. జరిగింది జరిగినట్టు రాయమని లోసాకిచ్చాడు. కింద మొదటి సంతకం అతనే పెట్టాడు.

శనివారం తెల్లారగానే వాళ్లు నడుముకు చిరిగిన చాపలు చుట్టుకొచ్చారు. వాళ్లు చావుకు కట్టుకునే బట్ట అదే. వ్యాను తలుపు తెరిచారు. గులాబీలన్నీ మోసుకొచ్చి, తేవితా పడ్డచోట మనిషి పొడవున పరిచారు. బ్రిడ్జెట్ పరుగెత్తుకొచ్చింది. లోసా నాలుగు ముక్కల్లో చెప్పింది. బ్రిడ్జెట్ చేతిలోని బొమ్మ మడిచేసి, వ్యాను మెట్టు మీద కూలబడింది.

క్రెయిగ్ అరిచాడు, బెదిరించాడు. అతిథులు వచ్చే వేళవుతుంటే గొంతు తగ్గించాడు.

"కూర్చోండి. కూర్చుని మాట్లాడుకుందాం."

ఒక్కరూ కూర్చోలేదు.

"విమానం ఎక్కిస్తావా?" అంది ఆకోసితా. "పద్నాలుగు టికెట్లు తియ్యి."

తొమ్మిదింటికి గులాబీలు గోధుమరంగుకు తిరిగాయి. పెళ్లి పట్నంలో హోటలుకు మారింది. పోలీసులొచ్చి, పూలు పాడుచేసిందని ఆకోసితాను పట్టుకుపోయారు. మనిషి సంగతి అడగలేదు. ఆమె లోసా రాసిన కాగితం వాళ్ల చేతిలో పెట్టి, నడుము చాప విప్పకుండానే బండెక్కింది.

మధ్యాహ్నం కంచె అవతలి తోటలో వనువాటు అనే మరో దీవుల దేశం కూలీలు పని ఆపారు. వాళ్లనెవరూ పిలవలేదు. చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం గిన్నెలతో మోసుకుని, కంచె తీగ దాటి వచ్చారు. వాడిన పూల చుట్టూ అప్పుడు కూర్చున్నారు అందరూ. ఫతాయి ఆకోసితాకు ఒక ఆకుపొట్లం, తేవితాకు ఒక ఆకుపొట్లం వేరుగా తీసిపెట్టాడు. మిగిలింది ముప్పైమందికి పంచాడు.